తెల్లవార్ల ఆట, అరనిమిషం పాట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పాట ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి వెళ్ళింది. ఆ పాట పుట్టిన ఊళ్ళలో రాత్రులు ఎలా మారాయి? మందస, పలాస, టెక్కలి చుట్టూ తెరకూ జనానికీ నడుమ నడుస్తున్న కథ ఇది.

2020 మార్చి 6న ‘పలాస 1978’ విడుదలైంది. కరుణకుమార్ తీసిన ఆ సినిమాలో కథానాయకులు ఇద్దరు దళిత అన్నదమ్ములు. గజ్జె కట్టి ఆడిపాడే ఇంట్లో పుట్టినవాళ్ళు. జీడిపప్పు వ్యాపారం, షావుకార్ల పెత్తనం, కులం కట్టిన గోడలు, ఇలా పలాస వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేని సంగతులే తెరనిండా ఉన్నాయి. మూడు వారాలు తిరక్కుండానే కరోనా వచ్చి థియేటర్లన్నీ మూతపడ్డాయి. సినిమా ఆగింది గానీ అందులో పాట ఆగలేదు. రఘు కుంచె స్వరపరిచి పాడిన ‘నాది నక్కిలీసు గొలుసు’ ఇళ్ళలో చిక్కుబడ్డ జనం ఫోన్లలోకి ఎక్కింది. ఎక్కడెక్కడివాళ్ళో, తెలుగు ముక్క రానివాళ్ళు సైతం, దానికి చిందేసి టిక్‌టాక్‌లో పెట్టారు. సినిమా కోసం పుట్టిన పాట కాదది. ఉత్తరాంధ్ర జానపదం.

అంతకు రెండు నెలల ముందు, సంక్రాంతికి, ‘అల వైకుంఠపురములో’ వచ్చింది. అందులో ‘సిత్తరాల సిరపడు’ పాట మన శ్రీకాకుళం యాసలోనే సాగుతుంది. విజయ్‌కుమార్ భల్లా రాశారు, సూరన్న, సాకేత్ పాడారు. ఒకే ఏడాది మొదటి మూడు నెలల్లో మన మాట, మన దరువు రెండుసార్లు లోకం చెవిన పడ్డాయి. తుపాను వస్తేనో, కిడ్నీ జబ్బు గురించి ఎవరైనా మాట్లాడితేనో తప్ప పేరు వినపడని ప్రాంతానికి అది చిన్న సంతోషం కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే మా వైపు సంబరాలకు తప్పెటగుళ్ళను పిలిచే ఊళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఆ చందా డబ్బు డీజే బండికి పోతోంది. పాట బతికింది, పాటగాడికి పని తగ్గింది. ఈ రెండూ ఒక్కసారే ఎలా జరిగాయో తెలియాలంటే పాటకన్నా ముందు దాన్ని వినే మనుషుల్ని చూడాలి. వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు, పక్కన ఎవరుంటారు, డబ్బు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతుంది? తెర వచ్చి తిరగరాసినవి ఈ నాలుగే.

ఊరు మేలుకున్న రాత్రులు

మందసకు పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం, కాస్త దూరంలో ఒడిశా. వీధిలో తెలుగు, కొన్ని ఇళ్ళలో ఒడియా. ఆసుపత్రికీ బట్టల బేరానికీ బరంపురం రైలెక్కే జనం. అందుకే ఇక్కడి రాత్రులకు రెండు వైపుల నుంచీ ఆటలు వచ్చేవి. గంజాం వైపు నుంచి చైత్రమాసపు దండనాట. ఇటునుంచి తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం, పద్య నాటకం.

తప్పెటగుళ్ళు యాదవుల ఆట. రొమ్ముకు కట్టుకున్న గుండ్రటి తప్పెటను అరచేతులతో వాయిస్తూ, గజ్జెకాళ్ళతో పదిహేను ఇరవై మంది ఒక్క అడుగుగా దూకుతుంటే నేల అదురుతుంది. జముకుల కథది వేరే దారి. ఒకవైపు చర్మం మూసిన వాద్యం, ఆ చర్మం మధ్యలోంచి లాగి బిగించిన తీగ. దాన్ని మీటుతూ బిగువు పెంచి తగ్గిస్తుంటే స్వరం కూడా సాగి ముడుచుకుంటుంది. ఇద్దరు వంతలు, ఒక కథకుడు, అమ్మవారి కథ, తెల్లవార్లూ. నాటకానికైతే హార్మోనియం ముందు, వేషం తర్వాత. కృష్ణ పాత్రకు తెలుగునాట పేరుమోసిన పీసపాటి నరసింహమూర్తి ఉత్తరాంధ్ర మనిషే. రాయబారం పద్యానికి ‘వన్స్‌మోర్’ పడని రాత్రి ఉండేది కాదని మా ముందుతరం ఇప్పటికీ చెప్తుంది.

అక్కడి ప్రేక్షకుడిని కాస్త ఆగి చూడాలి. పొద్దుగూకకముందే చాపో గోనెపట్టానో పరిచి చోటు పట్టుకునేవాడు. హరిశ్చంద్రుడి కథ అతనికి నోటికి వచ్చు. ఏం జరుగుతుందో అని రాలేదు, ఈ నటుడు కాటి సీను ఎలా పండిస్తాడో చూద్దామని వచ్చాడు. రాగం సాగదీస్తే గట్టిగా అదిలిస్తాడు, బాగుంటే మళ్ళీ పాడిస్తాడు, మెచ్చితే చదివింపు ఇస్తాడు, అతని పేరు ఊరందరికీ వినిపించేలా చదువుతారు. పిల్లలు నిద్రపోతే మంచి ఘట్టం రాగానే తట్టి లేపుతారు. తెల్లారేసరికి ఎవరు బాగా పాడారో, ఎవరి గొంతు పోయిందో ఊరంతా ఒకే మాట మీద ఉండేది. ఈ ప్రేక్షకుడు ఆటలో సగం.

ఆ రోజులు బంగారమని మాత్రం నేను రాయను. ఆడేవాళ్ళలో చాలామంది ఏ వాకిట ఆడారో ఆ ఇంటి గడప దాటలేనివాళ్ళు. భోజనం వేరుగా, విస్తరి దూరంగా. ఆడవాళ్ళకు వెనక వరస, అది కూడా ఇంటి పనులు తెమిలాక. ఎవరి కథ చెప్పాలో, ఏ పాట పాడకూడదో డబ్బిచ్చే బుగతలదే, అంటే భూస్వాములదే, ఆఖరి మాట.

ఆ మాటను ధిక్కరించి జముకును చేతబట్టినవాడు బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి. అమ్మవారి కథ చెప్పే జముకుల కథలో కూలీల కథ చెప్పాడు. ఉద్దానం ఊళ్ళు ఆ కథల్ని తెల్లవార్లూ విన్నాయి. శ్రీకాకుళ రైతాంగ సాయుధ పోరాటంలోకి వెళ్ళిన ఆ కవిని 1969 డిసెంబరులో కాల్చి చంపారు. తర్వాతి తరంలో పార్వతీపురం వైపు నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చారు. ఆయన పాటలు ఊరి వేదికల మీదనుంచి ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో 1986లో వెండితెరకు కూడా చేరాయి. జముకుకున్న శక్తి అంతా ఎదురుగా కూర్చున్న జనంలో ఉందని ఆ ఇద్దరికీ తెలుసు. వేయిమంది ఒకేచోట, ఒకే రాత్రి, ఒకే మాట విన్నాక పొద్దున్న పనిలోకి పోయేటప్పుడు దాన్నే మాట్లాడుకుంటారు.

ఏడు గంటల సీరియల్

సినిమా ఈ అలవాటును చెరిపెయ్యలేదు. టూరింగు టాకీసు డేరాలోనూ, తర్వాత పలాస, కాశీబుగ్గ, టెక్కలి హాళ్ళలోనూ జనం గుంపుగానే కూర్చున్నారు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల ‘నమో వెంకటేశా’ వినపడగానే బయట సోడా తాగేవాళ్ళు లోపలికి పరిగెత్తేవారు. వన్స్‌మోర్ అన్నా తెర మీది మనిషి వినడు కాబట్టి ఆ అరుపు ఈలగా మారింది, చదివింపు కాగితం ముక్కలుగా మారింది. శివరాత్రి జాగారం గుడి నుంచి హాలుకు నడిచింది. మనిషి మాత్రం మనిషి పక్కనే ఉన్నాడు.

విడదీసింది టీవీ. దూరదర్శన్ కాలంలో కూడా ఊరికి ఒకటో రెండో పెట్టెలు ఉండటం వల్ల 1987లో ఆదివారం రామాయణానికి పది ఇళ్ళవాళ్ళు ఒకే గదిలో కూడారు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి, కేబుల్ తీగ వీధి వీధికీ పాకింది, పెట్టె ఇంటింటికీ చేరింది. అప్పుడు సాయంత్రం చేతులు మారింది. అంతకుముందు రాత్రి అన్నం వేళ పొలం పనిని బట్టి ఉండేది. సీరియళ్ళు వచ్చాక అన్నం వేళ వాటిని బట్టి మారింది. “ఏటమ్మా, అప్పుడే తలుపేసీసినారు?” అంటే “సీరియలొచ్చీసిందే” అన్న జవాబు వీధిలో వినపడటం మొదలైంది. నాటకం వేయించే ఊరి పెద్దలు కూడా సీరియళ్ళు అయ్యాకే తెర లేపించేవారు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామని మొదలయ్యేనాటికి ఊరి సాయంత్రం పూర్తిగా నాలుగు గోడల మధ్యకు వెళ్ళిపోయింది.

సీరియల్‌ను తిట్టిపోయడం తేలిక. ఇన్నాళ్ళూ వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్ళకు ఇల్లు కదలకుండా ముందు వరస దొరికింది ఆ పెట్టె వల్లనే. జీడిపప్పు బట్టీలో పొద్దంతా పిక్క కొట్టి, పొట్టు తీసి, చేతులు నల్లబడి ఇంటికొచ్చిన మనిషి ఒక గంట తనకోసం కూర్చుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పోగొట్టుకున్నది ఆ గంటకు అవతల ఉంది. ఆమె చూసే కథ మీద ఆమె మాట చెల్లదు. బాగా లేదని అదిలించడానికి ఎదురుగా ఎవరూ లేరు.

భాష సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగుకు బడిలో చోటివ్వమని జీవితమంతా పోరాడారు గిడుగు రామమూర్తి. ఆయన సొంత గడ్డ యాసకు తెర ఇచ్చిన చోటు దశాబ్దాలపాటు పనివాడి నోరు, అమాయకుడి నోరు. 2013లో టీవీలో మొదలైన ‘జబర్దస్త్’ కామెడీ షోలో మన జిల్లావాడు షకలక శంకర్ ఆ యాసతోనే పేరు తెచ్చుకున్నాడు. మా ఇళ్ళలో అందరం మురిసిపోయాం. కానీ హైదరాబాదులో కాలేజీకి వెళ్ళిన మా పిల్లలు నోరు విప్పగానే పక్కవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్ళు. తెర నేర్పిన నవ్వు అది. ‘సిత్తరాల సిరపడు’ వచ్చినప్పుడు నాకు పట్టలేని ఆనందం కలిగిన కారణం ఇదే. నాకు తెలిసి మొదటిసారి ఆ యాస వీరుడిని పొగడటానికి పనికొచ్చింది. ఐదేళ్ళకు ‘తండేల్’ సినిమాలో నాగచైతన్య కథానాయకుడై అదే యాసలో ప్రేమను చెప్పుకున్నాడు. బడి ఇవ్వని గౌరవం సినిమా ఇచ్చింది, ఆలస్యంగానైనా.

చేతిలోకి వచ్చిన తెర

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఫోనులో బొమ్మ చూడటానికి డబ్బు లెక్క చూసుకునే అవసరం పోయింది. రెండేళ్ళకే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని, పనసను వేళ్ళతో పెకలించింది. రోజుల తరబడి కరెంటు లేదు. జనం జనరేటర్ల దగ్గర ఫోన్లకు ఛార్జింగు పెట్టించుకున్నారు. దుబాయిలోనో సింగపూర్లోనో ఉన్న కొడుకుకు బతికే ఉన్నామని చెప్పాలి కదా. వలస మీద బతికే ఊళ్ళకు ఫోను మొదట మనిషి గొంతు. వినోదం ఆ గొంతు వెనకాలే ఇంట్లోకి వచ్చింది. మన ఊళ్ళలో ఫోనును విలాసంగా చూసేవాళ్ళు ఇది మర్చిపోతారు.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో ఫోను ప్రేక్షకుడిని చూడాలంటే డయాలసిస్ కేంద్రానికి వెళ్ళాలి. మందస మండలం హరిపురంలో ఉంది, పలాసలో, సోంపేటలో, కవిటిలో ఉన్నాయి. ఒక విడతకు దాదాపు నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి, వారానికి రెండు మూడుసార్లు. ఒక చేయి యంత్రానికి, రెండో చేతిలో ఫోను. పాత సినిమా పాటలు చూసేవాళ్ళుంటారు, ప్రవచనాలు వినేవాళ్ళుంటారు, ఊరి సంబరం వీడియో మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళూ ఉంటారు. పక్కపక్క మంచాలే, ఎవరి చెవిలో వారి శబ్దం. ఆ నాలుగు గంటలు ఎలా గడపాలో వాళ్ళకు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఇంతమంది ఉద్దానం మనుషులు ఒకే గదిలో ఇంతసేపు కలిసి ఉండే చోటు ఇప్పుడు ఇదొకటే మిగిలిందేమో అన్న ఆలోచన నన్ను వదలదు. వారానికి ఒక పూట ఎవరైనా అక్కడ కూర్చుని కథ చెప్తే ఎలా ఉంటుంది?

ఫోను ఏ పాటను ఎంచుకుంటుందో కూడా చూడాలి. అరనిమిషంలో ఒక్క పల్లవి, ఒక్క చిందు, ఒక్క నవ్వు పడుతుంది. కాబట్టి బావామరదళ్ళ సరసం నిలిచింది. ‘నక్కిలీసు గొలుసు’ ఆ కొలతకు అచ్చంగా సరిపోయింది. జముకుల కథ సరిపోదు. అమ్మవారు ఊరికి ఎందుకు వచ్చిందో చెప్పడానికి రాత్రంతా కావాలి. దంపుళ్ళ పాట, నాట్ల పాట సరిపోవు. అవి పని సాగినంతసేపు సాగేవి, పనితోనే ఆగేవి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. కొన్ని నెలల్లోనే ఇన్‌స్టా రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటు నింపాయి. యాప్ పోయింది, కొలత ఉండిపోయింది. ఇప్పుడు సినిమా పాట కట్టేటప్పుడే రీలుకు పనికొచ్చే వరస ఏదని చూస్తున్నారు.

ఇదే ఫోనులో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతున్న పని ఒకటుంది. నాలుగైదు గంటల పద్య నాటకాలు మొత్తంగా, కోత లేకుండా, యూట్యూబులో పెడుతున్నారు. కెమెరా ఒకే చోట నిలబెట్టి తీసినవి, మైకు గీపెడుతుంది, పిల్లలు అడ్డంగా పరిగెడుతుంటారు. అయినా చూసేవాళ్ళున్నారు. గుజరాత్‌లోనో గల్ఫ్‌లోనో షెడ్డులో పడుకున్న మన మనిషి రాయబారం సీను వింటూ నిద్రపోతాడు. ఇంటి దగ్గరుంటే అతను నాటకానికి వెళ్ళేవాడో కాదో చెప్పలేం. దూరం వెళ్ళాకే అతనికి అది కావలసి వచ్చింది.

ఈ మధ్యలో సినిమా హాళ్ళు నలిగాయి. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం టికెట్ ధరలకు కత్తెర వేసి, పంచాయతీల్లోని మామూలు హాళ్ళలో కింది తరగతి ఐదు రూపాయలే అంది. మరుసటి ఏడు మార్చిలో సవరించింది. ఆలోగా ఓటీటీ అలవాటయింది. చిన్న ఊళ్ళలో చాలా హాళ్ళు కల్యాణ మండపాలయ్యాయి.

కెమెరా వచ్చినప్పుడు

తెర ఒక ప్రాంతాన్ని చూపించాక అక్కడేం మారుతుంది? మన దగ్గర దీనికి రెండు దృష్టాంతాలున్నాయి.

ఉద్దానంలో మూత్రపిండాలు పాడై మనుషులు పోతున్నారని స్థానిక వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వార్తలు లోపలి పేజీల్లో వచ్చేవి. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడాక రాష్ట్రంలోని కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. నటుడికి ఉన్న గుర్తింపు వల్ల ఒక రోగం అందరికీ కనపడింది. అది మేలే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కానీ ఇంతమంది ఏళ్ళ తరబడి చనిపోతున్నా చూడని కన్ను ఒక తెలిసిన ముఖం వస్తే తెరుచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ప్రేక్షకుడిగా మనం నేర్చుకున్న అలవాటే పౌరుడిగా కూడా మనల్ని నడిపిస్తోంది.

రెండోది ‘తండేల్’. కె.మత్స్యలేశం వైపు జాలర్లు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్ళి, అక్కడి పడవల మీద వేటకు పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలకు చిక్కారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపి, ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర దేశంలోకి అడుగుపెట్టారు. ఆ మధ్యకాలంలో ఇక్కడి ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. 2025 ఫిబ్రవరి 7న చందూ మొండేటి దర్శకత్వంలో ఆ కథ తెరకెక్కింది. చాలా ఇళ్ళ ఆడవాళ్ళ ఎదురుచూపు సాయిపల్లవి ఒక్కరి ప్రేమగా కుదిరింది. సినిమాకు అది తప్పదు. పడవ, తీరం, జాలరి బతుకు అంత పెద్ద తెర మీద గౌరవంగా కనపడటం మంచిదే. హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుడు మాత్రం ఒక ప్రేమకథ చూసి వచ్చాడు. ఇంత పొడవు తీరం ఉన్న జిల్లాలో పడవ కట్టుకునే సరైన జెట్టీలు లేక మనవాళ్ళు దేశం ఆ చివరకు వెళ్ళాల్సి వస్తోందన్న ప్రశ్న పాటల మధ్య చిక్కిపోయింది.

పాట ఎవరిది?

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా పాట బయట ఎక్కడ వాడినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ వాటా ఉంటుంది, దాన్ని ఎవరూ రాయించుకోలేరు. గాయకులకూ హక్కు వచ్చింది. మంచి చట్టం. కానీ ‘జానపదం’ అని వేసే పాట దగ్గరకు వచ్చేసరికి రచయిత చోటు ఖాళీగా ఉంటుంది. పాటను మూడు తరాలు నోట దాచి, చరణాలు కలిపి, వరస దిద్దిన మనుషులు చట్టం కంటికి కనపడరు. కొత్తగా వాయిద్యం కట్టినవారికి హక్కు, ప్రచురించిన కంపెనీకి ఆదాయం. ఎవరి తప్పూ లేకుండానే డబ్బు ఊరిదాకా రావడం ఆగిపోతుంది. పూర్వం చదివింపు ఎంత చిన్నదైనా పాడినవాడి చేతికే వెళ్ళేది.

చట్టం మారేదాకా కూర్చోనక్కర్లేదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. మా వైపు పిల్లలు ఊరి పాటల్ని రోజూ రికార్డు చేస్తున్నారు. వాటిలో చాలావాటికి పాడిన మనిషి పేరుండదు. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది కింద రాయడానికి ఒక్క నిమిషం చాలు. పాటను పల్లవి దగ్గర తెంచకుండా చివరి చరణందాకా తియ్యాలి. నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు వచ్చిన అవ్వలు ఇంకా ఉన్న ఇళ్ళలో ఈ పని ఈ ఎండాకాలమే జరగాలి. డెబ్బై ఏళ్ళు దాటిన గొంతులవి.

సంబరం కమిటీలతో కూడా ఒక మాట. డీజే వద్దని ఎవరూ అనడం లేదు, కుర్రాళ్ళకు అది కావాలి. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర దగ్గర్నుంచి ఉద్దానంలో చిన్న ఊరి సంబరం దాకా, ఉన్న రాత్రుల్లో ఒక్క రాత్రి, మధ్యాహ్నపు ఊరేగింపులో పది నిమిషాలు కాకుండా తొమ్మిదింటి నుంచి తెల్లవార్లూ, తప్పెటగుళ్ళకో జముకుల కథకో ఇవ్వండి. మైకులు మంచివి పెట్టండి. ఆడవాళ్ళకు ముందు వరస ఉంచండి. బృందానికి ఊరివాళ్ళతో కలిపి పంక్తిలో భోజనం వడ్డించండి. కబురు పెడితే గజ్జెలు మూట కట్టుకుని వచ్చేవాళ్ళు జిల్లాలో ఇంకా ఉన్నారు. బయానా ఇచ్చి తేదీ ఖాయం చేసుకోవాలి.